రాష్ట్ర రవాణాకు 20 ఏళ్ల ప్రణాళిక: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

రాష్ట్రానికి దీర్ఘకాల రవాణా ప్రణాళిక రాయమనగానే చాలామంది పటం పరుచుకుని కొత్త రోడ్లకు గీతలు గీస్తారు. డబ్బు సంగతి చివర్లో చూస్తారు. ఈ వరస తిరగబడాలి. ముందు తేల్చాల్సినవి రెండు. ఉన్న రోడ్లు, వంతెనలు, బస్సులు పాడవకుండా నిలబడాలంటే ఏటా ఎంత కావాలి? ఇప్పటికే మంజూరైన పనులకు ఇంకా ఎంత చెల్లించాలి? ఈ రెండూ తీసేశాక మిగిలేదే కొత్త పనుల డబ్బు. ఆ మిగులు ఎంతో తెలియకుండా తయారైన పుస్తకం ఎంత లావున్నా అది కోరికల పట్టీయే.

20 ఏళ్లు ఎందుకంటే, పెద్ద బైపాస్ ఆలోచన దగ్గర్నుంచి రాకపోకల దాకా చేరడానికి పదేళ్లు పట్టడం మామూలే. తారు రోడ్డు డిజైన్ 15, 20 ఏళ్లకు చేస్తాం, వంతెనైతే 100 ఏళ్లకు. అమెరికాలో ప్రతి రాష్ట్రమూ కనీసం 20 ఏళ్ల ముందుచూపుతో ప్రణాళిక రాయాలని కేంద్ర చట్టం చెబుతుంది. దాని కింద 4 ఏళ్ల పనుల జాబితా ఉండాలి, అందులోని ప్రతి పనికీ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూపాలి. డబ్బు చూపాలన్న ఈ షరతు 1991 నుంచి ఉంది. ఏ రాష్ట్రమైనా అరువు తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది. ఆ రెంటి మధ్య ఇంకో పొర పెట్టుకుంటే మేలు: ఉన్న ఆస్తుల నిర్వహణకు 10 ఏళ్ల ప్రణాళిక. అంటే 20 ఏళ్లకు దిశ, 10 ఏళ్లకు ఆస్తుల పోషణ, 4 ఏళ్లకు పేర్లు, కిలోమీటర్లు, నిధుల పద్దులతో సహా జాబితా.

ఉన్నదేమిటో ముందు లెక్కపెట్టాలి

ఒకే రోడ్డు పొడవు ఒక శాఖలో 42 కిలోమీటర్లు, ఇంకో శాఖలో 39, టెండరు పత్రంలో 44 ఉండటం అరుదేమీ కాదు. ఊరి లోపలి భాగం ఎవరిది, పాత మలుపు వదిలేసి కొత్త దారి వేశాక పాతది ఏమైంది అన్నవి తేలకపోవడమే దీనికి మూలం. అందుకే ముందు ఒకే కొలత పద్ధతి ఖాయం చేయాలి: రోడ్డు సంఖ్య, మొదలు నుంచి దూరం, రెండు చివర్లా జీపీఎస్ బిందువులు. సర్వే, బిల్లు, ప్రమాదాల నమోదు అన్నీ ఈ చిరునామాతోనే నడవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన చోటును పోలీసు రికార్డులోంచి రోడ్డు రికార్డులోకి తేవడం ఎప్పటికీ కుదరదు.

రోడ్డును మండలాల లెక్కన ముక్కలు చేయకండి. వెడల్పు, పొరలు, నేల, ట్రాఫిక్ ఒకేలా ఉన్నంత మేర ఒక ముక్క. సాధారణంగా ఒకటి నుంచి ఐదు కిలోమీటర్లు వస్తుంది. ప్రతి ముక్కకూ వెడల్పు, పొరల మందం, చివరిసారి పైపొర వేసిన సంవత్సరం, పక్క కాలువలు ఉన్నాయో లేదో, ఉంటే నీరు పారుతోందో లేదో, కల్వర్టుల సైజులు రాసుకోవాలి. కాలువ గడి ఖాళీగా వదిలేసిన సర్వేను వెనక్కి పంపండి. రోడ్డును తినేసేది లారీ తర్వాత నీరే.

రోడ్డు పరిస్థితికి కంటిచూపు సర్వే ఒక్కటే చాలదు. ఉపరితలం ఎగుడుదిగుళ్లను ఐఆర్‌ఐ అనే కొలమానంలో, కిలోమీటరుకు ఇన్ని మీటర్లు అని చెబుతారు. ఇది 1982లో బ్రెజిల్‌లోని బ్రసీలియాలో ప్రపంచ బ్యాంకు చేయించిన ప్రయోగాల్లోంచి వచ్చింది. బాగా వేసిన కొత్త తారు రోడ్డుకు 2 లేదా అంతకన్నా తక్కువ వస్తుంది. కానీ ఐఆర్‌ఐ పైచర్మం సంగతే చెబుతుంది. లోపలి బలం తెలియాలంటే ఎఫ్‌డబ్ల్యూడీ అనే యంత్రం కావాలి. 300 మిల్లీమీటర్ల గుండ్రటి పళ్లెం మీద బరువును జారవిడిచి, లారీ చక్రం మోపే దెబ్బతో సమానమైన దెబ్బ కొడుతుంది. రోడ్డు ఎంత కుంగిందో వరసగా అమర్చిన సెన్సార్లు మైక్రాన్లలో నమోదు చేస్తాయి. దెబ్బ కింద ఎక్కువ కుంగి, మీటరు దూరంలో తక్కువ కుంగితే పైపొరలు నీరసించాయని అర్థం. దూరంలోనూ బాగా కుంగితే అడుగు నేలే మెత్తబడింది. పైకి ఒకేలా కనిపించే రెండు ముక్కల్లో ఒకదానికి పైపొర సరిపోతుంది, రెండోదాన్ని తవ్వి కట్టాలి. ఈ తేడా తెలియకుండా వేసిన పైపొర రెండు వానాకాలాలు కూడా నిలవదు.

వంతెనలకు సగటు మార్కులు వేయొద్దు. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒకే ఒక్క ఉక్కు కడ్డీ కంటి (చివర ఉండే రంధ్రం) దగ్గర సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతున్న పగులు. ఆ ఒక్క కడ్డీ తెగడంతోనే వంతెనంతా కూలింది. ఆ ప్రమాదం తర్వాతే అక్కడ రెండేళ్లకోసారి వంతెనల తనిఖీ దేశమంతటికీ నియమమైంది. కాబట్టి డెక్కు, గర్డర్లు, బేరింగులు, పియర్లు, పునాదులు విడివిడిగా నమోదు చేసి, అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న భాగాన్ని బట్టే ఆ వంతెన స్థానం నిర్ణయించాలి. పునాది చుట్టూ ఇసుక కోసుకుపోయిందా అన్నది వరద తగ్గగానే చూడాలి. నాలుగు నెలలు ఆగితే గొయ్యి మళ్లీ ఇసుకతో పూడిపోతుంది, పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

పోషణ లెక్క

ప్రణాళికలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. రాష్ట్రానికి 20,000 కిలోమీటర్ల తారు రోడ్లున్నాయనుకుందాం. పైపొర 8 ఏళ్లు నిలుస్తుందంటే ఏటా 2,500 కిలోమీటర్లకు కొత్త పొర వేయాలి. 1,500కే డబ్బిస్తే ఒక రోడ్డుకు మళ్లీ వంతు రావడానికి 13 ఏళ్లు దాటుతుంది. తొమ్మిదో ఏడు నుంచి పగుళ్లలోకి నీరు దిగి అడుగు కంకర పొర వదులవుతుంది. అప్పుడు పైపొర పనికిరాదు, తవ్వి కట్టాల్సిందే. ఖర్చు కొన్ని రెట్లవుతుంది.

దీన్ని మంత్రులకూ ఆర్థిక శాఖకూ చూపించడానికి హెచ్‌డీఎం-4 లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. అది లేకపోయినా మామూలు స్ప్రెడ్‌షీటుతో మొదలుపెట్టొచ్చు. రోడ్లను బాగు, మధ్యస్థం, అధ్వానం అని మూడు రకాలు చేయండి. ఏడాదిలో బాగున్నవాటిలో 10 శాతం మధ్యస్థంలోకి, మధ్యస్థంలో 15 శాతం అధ్వానంలోకి జారతాయనుకోండి. మీ రాష్ట్రంలో అసలు శాతాలు ఎంతో వరసగా రెండు మూడు సర్వేలు పోల్చితే తెలుస్తాయి. మొదట్లో 12,000 బాగు, 5,000 మధ్యస్థం, 3,000 అధ్వానం. ఏడాది డబ్బుతో 500 కిలోమీటర్ల అధ్వానపు రోడ్డును తవ్వి కట్టొచ్చు, లేదా 2,000 కిలోమీటర్ల మధ్యస్థపు రోడ్డుకు పైపొర వేయొచ్చు.

డబ్బంతా అధ్వానంగా ఉన్నవాటికే పెడితే ఏడాది చివర 11,300 బాగు, 5,450 మధ్యస్థం, 3,250 అధ్వానం. 500 కిలోమీటర్లు కొత్తగా కట్టినా అధ్వానం పెరిగింది, ఎందుకంటే అదే ఏడాది ఇంకో 750 కిలోమీటర్లు అందులోకి జారాయి. డబ్బంతా మధ్యస్థానికి పెడితే, పైపొర పడ్డ 2,000 ఆ ఏడు జారవు కాబట్టి, 12,800 బాగు, 3,750 మధ్యస్థం, 3,450 అధ్వానం. తొలి ఏడాది అధ్వానపు అంకె మొదటి దారిలోకన్నా 200 ఎక్కువే ఉందని గమనించండి. రెండో ఏడాదీ అంతే, 3,568కి ఎదురుగా 3,713. మూడో ఏడాది తక్కెడ తిరుగుతుంది: మొదటి దారిలో 3,932, రెండో దారిలో 3,828. నాలుగో ఏటికి మొదటి దారిలో అధ్వానం 4,327కి చేరితే రెండో దారిలో 3,828 దగ్గరే ఆగిపోతుంది. బాగున్న రోడ్లు మొదటి దారిలో 9,593, రెండో దారిలో 14,751. ఐదో ఏడు నుంచి మధ్యస్థపు రోడ్లు తగ్గిపోయి, మిగిలిన డబ్బు అధ్వానపు రోడ్లను కట్టడానికి మళ్లుతుంది.

మంచి ప్రణాళికలు చచ్చిపోయేది ఆ మొదటి రెండేళ్లలోనే. గుంతల రోడ్డు వదిలేసి బాగున్న రోడ్డుకు తారు పోస్తారేమిటని జనం అడుగుతారు, అడగడం న్యాయమే. అందుకు రెండు పనులు చేయాలి. అధ్వానపు రోడ్ల కోసం విడిగా ఒక మొత్తం పక్కన పెట్టి గుంతలు పూడ్చడం, కాలువ తవ్వడం, ప్రమాదకరమైన మలుపులు సరిచేయడం ఆపకుండా చేయాలి. అంబులెన్సు, బడి బస్సు నడిచే దారికి ఇంకో దారి లేకపోతే దాన్ని ఈ వరసలోంచి తీసి ముందే కట్టాలి. రెండోది, పైన చెప్పిన నాలుగేళ్ల అంకెలను మొదటి రోజే అందరి ముందూ పెట్టాలి. ఏడాది తర్వాత అధ్వానం పెరిగిందని పత్రికల్లో వచ్చాక చూపిస్తే అది సాకులా వినబడుతుంది.

బస్సుల లెక్క తేలిక. 5,000 బస్సులు, ఒక్కోటి 12 ఏళ్లు నడిస్తే ఏటా 417 మార్చాలి. మూడేళ్లు కొనకుండా ఆపితే నాలుగో ఏడు 1,668 కావాలి, అవన్నీ మళ్లీ ఒకే ఏడాది ముసలివవుతాయి.

ట్రాఫిక్ అంచనా

వారం రోజులు, 24 గంటలూ, వాహనాన్ని రకం వారీగా లెక్కపెట్టాలి. ఒక్క రోజు లెక్క తీసుకుంటే సంత రోజో పెళ్లి ముహూర్తమో తగిలి అంకె తప్పుతుంది. పంట కోతల కాలం, వానాకాలం తేడాకు సవరణ గుణకం వాడాలి. లెక్కతోపాటు ఇరుసు బరువులు తూచాలి, దీన్ని చాలామంది ఎగ్గొడతారు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలో ఇల్లినాయ్‌లోని ఒటావా దగ్గర జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్షలో తేలిందేమిటంటే, రోడ్డుకు కలిగే నష్టం దాదాపు ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 శాతం ఎక్కువ బరువుతో నష్టం రెట్టింపు దాటుతుంది, 50 శాతం ఎక్కువైతే ఐదు రెట్లు. క్వారీ దారుల్లో 15 ఏళ్లకు కట్టిన రోడ్డు నాలుగేళ్లకే పోవడం వెనక ఉన్న లెక్క ఇదే. అక్కడ మందం పెంచడానికి పెట్టే డబ్బును, తూకం యంత్రాలకు పెట్టే డబ్బును పక్కపక్కన పెట్టి పోల్చాలి.

పెరుగుదల రేటు విషయంలో జాగ్రత్త. ఏటా 3 శాతమైతే 20 ఏళ్లకు ట్రాఫిక్ 1.81 రెట్లు, 5 శాతమైతే 2.65, 7 శాతమైతే 3.87. ఇంత తేడా ఉన్నప్పుడు ఒకే అంకె మీద ఆరు లైన్ల రోడ్డు నిర్ణయించడం సరికాదు. మూడు రేట్లతోనూ లెక్కవేసి, మూడింటిలోనూ నిలబడే పనులను ముందు పెట్టండి. 7 శాతంలో మాత్రమే అవసరమయ్యే వాటికి ఇప్పుడు భూమి మాత్రం కాపాడుకోండి. వంద మీటర్ల వెడల్పు బాట మొదట్లోనే గుర్తించి ఇళ్లు రాకుండా ఆపడం, ఇరవై ఏళ్ల తర్వాత వాటిని కూల్చడంతో పోలిస్తే ఎంతో చవక, ఎవరికీ కన్నీళ్లు ఉండవు.

రద్దీ తగ్గుతుందని చెప్పి వెడల్పు చేసే పనుల్లో కొత్తగా పుట్టే ట్రాఫిక్‌ను కలపకపోతే లెక్క తప్పుతుంది. అమెరికా నగరాలపై 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, అంతర్రాష్ట్ర రహదారుల లైన్లు ఎంత శాతం పెరిగితే వాటి మీద నడిచే దూరం దాదాపు అంతే శాతం పెరిగిందని తేలింది. ఊళ్ల మధ్య ఖాళీ రోడ్డుకు ఇది అంతగా వర్తించదు. పెద్ద నగరం అంచున మాత్రం తప్పక చూడాలి.

డబ్బు, పాత బాకీ

మంజూరు వేరు, చెల్లింపు వేరు. 100 విలువైన పని మొదటి ఏడు 10, రెండో ఏడు 35, మూడో ఏడు 40, నాలుగో ఏడు 15 చొప్పున డబ్బు తింటుంది. ఏటా చెల్లించగలిగింది 100 అయితే, మంజూరై మిగిలిన పనుల విలువ 280 ఉంటే, ఒక్క కొత్త పనీ ఇవ్వకపోయినా దాదాపు మూడేళ్లు పాత బాకీకే సరిపోతుంది. ఈ స్థితిలో ఇంకో 200కి మంజూరు ఇస్తే జరిగేది తెలిసిందే: అన్ని పనులకూ కొంచెం కొంచెం బిల్లు, అన్ని చోట్లా యంత్రాలు ఆగడం, తర్వాత టెండర్లలో గుత్తేదారులు ఆలస్యాన్నీ కలిపి రేటు వేయడం. అందుకే ప్రతి కొత్త మంజూరు కాగితం మీదా అప్పటిదాకా ఉన్న బాకీ ఏడాది బడ్జెట్‌కు ఎన్ని రెట్లో రాయాలి. రెండున్నర దాటితే కొత్తవి ఆపాలన్న నియమం పెట్టుకోండి. యాన్యుటీ పద్ధతిలో, అంటే గుత్తేదారు ముందు తన డబ్బు పెట్టి కడితే ప్రభుత్వం తర్వాత వాయిదాల్లో తీర్చే పద్ధతిలో, కట్టించిన రోడ్లకు 15 ఏళ్లు కట్టాల్సిన వాయిదాలు కూడా బాకీయే. అవి వేరే పద్దులో ఉన్నాయని వదిలేయకూడదు.

రాబడి అంచనాలో ఇంధన పన్నును గుడ్డిగా పెంచుకుంటూ పోవద్దు. అమెరికాలో కేంద్రం పెట్రోలు మీద వేసే పన్ను గాలనుకు 18.4 సెంట్లు 1993 నుంచి మారలేదు, ధరలు మాత్రం పెరిగాయి. విద్యుత్ వాహనాలు ఆ పన్ను అసలే కట్టవు. ఓరెగన్ రాష్ట్రం 1919లో అక్కడ మొదటగా పెట్రోలు పన్ను వేసింది. అదే రాష్ట్రం 2015లో, చేరదలచినవారికి నడిచిన మైలుకింత రుసుము పద్ధతి తెచ్చింది. 20 ఏళ్ల ప్రణాళికలో ఈ మార్పుకు ఒక వరస తప్పక ఉండాలి.

ఎంపిక

వంతెన మరమ్మతు, బైపాస్, బస్ డిపో, ప్రమాదాల మలుపు: వీటన్నిటికీ ఒకే పట్టికలో మార్కులు వేస్తే అర్థంలేని వరస వస్తుంది. పోషణ, భద్రత, సామర్థ్యం, అందుబాటు అని పద్దులు విడదీసి, ఏ పద్దుకు ఎంతో ముందు ప్రభుత్వం నిర్ణయించాలి. పద్దు లోపల మాత్రమే పోటీ ఉండాలి. మార్కుల పట్టికలో ఒకే లాభాన్ని రెండుసార్లు లెక్కించడం ఎక్కువగా జరిగే పొరపాటు. ప్రయాణ సమయం ఆదా ఒక గడి, ఆర్థికాభివృద్ధి ఇంకో గడి, భూమి విలువ మరో గడి పెడితే మూడూ చాలావరకు ఒకటే.

లాభనష్టాల్లో డిస్కౌంట్ రేటు, అంటే రేపటి లాభాన్ని నేటి విలువకు తగ్గించే రేటు, ఏదో స్పష్టంగా రాయండి. 20 ఏళ్ల తర్వాత వచ్చే 100 లాభం 3.5 శాతం రేటులో నేటికి 50, 8 శాతంలో 21 మాత్రమే. రేటు మార్చి ఏ ప్రాజెక్టునైనా గట్టెక్కించొచ్చు కాబట్టి రాష్ట్రమంతటికీ ఒకటే ఉండాలి.

అంచనా వ్యయం దాదాపు ఎప్పుడూ తక్కువే వేస్తారు. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లైబ్‌యెర్గ్ బృందం 2002లో 258 రవాణా ప్రాజెక్టులను పరిశీలిస్తే పదింటిలో తొమ్మిదింటికి ఖర్చు పెరిగింది. సగటున రోడ్లకు 20 శాతం, వంతెనలు, సొరంగాలకు 34, రైలు మార్గాలకు 45. కాబట్టి డీపీఆర్ (ప్రాజెక్టు సవివర నివేదిక) అంకెను అలాగే ఎక్కించకుండా, మీ రాష్ట్రంలో గత పదిహేనేళ్లలో ఆ రకం పనులకు అంచనా ఎంత, చివరి బిల్లు ఎంత అని పట్టిక వేసి ఆ మేరకు పెంచి ఎక్కించాలి. ఆ పట్టిక తయారుచేయడానికి ఒక మనిషికి రెండు నెలలు పడుతుంది. ప్రణాళిక మొత్తంలో అంత విలువైన రెండు నెలలు ఇంకోటి లేదు.

నాలుగేళ్ల జాబితా

ఇందులోకి రావడానికి ఒకే అర్హత: సిద్ధంగా ఉండటం. భూమి కనీసం 90 శాతం చేతిలో ఉందా? అటవీ అనుమతి వచ్చిందా? కరెంటు స్తంభాలు, నీటి గొట్టాలు ఎవరి ఖర్చుతో, ఎప్పటికి జరుగుతాయి? రైలు మార్గం మీది వంతెన అయితే పట్టాల మీది భాగానికి రైల్వే డ్రాయింగు ఆమోదం ఉందా? వంతెన పూర్తయి, రెండు వైపులా అప్రోచ్ రోడ్డుకు భూమి దొరక్క గాల్లో నిలిచిపోయిన కట్టడాలు ఎన్నో చోట్ల కనిపిస్తాయి. పెట్టిన డబ్బు నూటికి తొంభై, లాభం సున్నా. వంతెనకూ అప్రోచ్‌కూ వేర్వేరు టెండర్లు పిలవడం, వేర్వేరు పద్దుల్లో పెట్టడం దీనికి మామూలు కారణం. రెంటినీ ఒకే పనిగా, ఒకే గడువుతో ఉంచండి.

జాబితాలో పదో వంతు డబ్బుకు సరిపడా పనులను అదనంగా సిద్ధం చేసుకోవాలి. ఏదో ఒకటి కోర్టులో ఆగుతుంది, ఆ ఏడాది డబ్బు మురిగిపోకుండా ఇవి ముందుకొస్తాయి. ఇవి పైపొర పనులైతే మంచిది, భూమి అక్కర్లేదు.

జాబితా ఏటా కదలాలి: ఒక ఏడు పూర్తవగానే చివర ఇంకో ఏడు చేరాలి. 10 ఏళ్ల లెక్కను రెండేళ్లకోసారి కొత్త సర్వేతో, 20 ఏళ్ల దిశను ఐదేళ్లకోసారి మార్చాలి. ఏటా ఒకే కాగితం బయటపెట్టండి. అందులో బాగు, మధ్యస్థం, అధ్వానం కిలోమీటర్లు నిరుడూ ఈ ఏడూ, అనుకున్న పైపొర ఎంత, వేసింది ఎంత, పాత బాకీ బడ్జెట్‌కు ఎన్ని రెట్లు, ఆలస్యమైన ప్రతి పనికీ ఒక్క వాక్యంలో కారణం ఉండాలి. జాబితాలో లేని పని మధ్యలో చేర్చితే, దాని కోసం ఏది వెనక్కి వెళ్లిందో అదే వరసలో పేరుతో రాయాలి.